లిపిడ్ అణువుల నమూనాలు ఇంట్లోనే: నెయ్యికీ నూనెకూ తేడా చేతికి తెలిసేలా

విజ్ఞాన ప్రదర్శనకు లిపిడ్ (కొవ్వు, నూనె లాంటి పదార్థం) నమూనా చేసి తెమ్మంటే పిల్లల్లో చాలామంది ఒకే రకం తెస్తారు. థర్మోకోల్ షీటు మీద రెండు వరుసల ఎర్ర బంతులు, ఒక్కో బంతికి రెండు నిటారు పుల్లలు, పైన స్కెచ్ పెన్నుతో ‘కణత్వచం’ (కణం చుట్టూ ఉండే పొర) అని పేరు. చూడటానికి బాగానే ఉంటుంది. “పుల్లలు రెండే ఎందుకు? అన్నీ నిటారుగానే ఎందుకున్నాయి? మధ్యలో ఈ ఖాళీ ఏమిటి?” అని అడిగితే మాత్రం పిల్లవాడు అమ్మ వైపు చూస్తాడు. చేసింది ఆవిడే కదా!

అందుకే నమూనా మొదలుపెట్టే ముందు నేను ఒకటే అడుగుతాను: ఇది ఏ ప్రశ్నకు జవాబు చెప్పాలి? లిపిడ్ల విషయంలో నా ప్రశ్న వంటింటిది. జనవరి ఉదయం తార్నాకలో మా ఇంట్లో నెయ్యి డబ్బాలో చెంచా దిగదు. పక్కనే ఉన్న వేరుశెనగ నూనె మాత్రం ఎప్పటిలాగే జారుతూ ఉంటుంది. రెండూ ట్రైగ్లిజరైడ్లే (గ్లిసరాల్ అనే చిన్న అణువుకు మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కున్నవి), రెండింట్లోనూ ఉన్నవి కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్లే. మరి తేడా ఎక్కడుంది? దానికి జవాబు దొరికేదాకా ఒక్కొక్క మెట్టే కడదాం: ముందు కొవ్వు ఆమ్లం, తర్వాత ట్రైగ్లిజరైడ్, చివరికి కణత్వచం. రెండు ఆదివారాల పని. తొమ్మిదో తరగతి పిల్లలు పెద్దల సాయంతో, ఇంటర్ పిల్లలు సొంతంగా చేయగలరు.

ఏమేమి కావాలి

థర్మోకోల్ బంతులు రెండు సైజుల్లో కావాలి: కార్బన్, ఆక్సిజన్లకు 20 మిల్లీమీటర్లవి, హైడ్రోజన్‌కు 12 మిల్లీమీటర్లవి. బేగంబజార్‌లో అలంకరణ సామగ్రి అమ్మే దుకాణాల్లో సంచుల లెక్కన దొరుకుతాయి. అంతదూరం వెళ్లలేకపోతే కాలనీలోని స్టేషనరీ దుకాణం చాలు. ఎక్కడ కొన్నా స్కేలు వెంట తీసుకెళ్లండి. ఒకే సంచిలో బంతులు రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ ఉండటం మామూలే. పెద్దవీ చిన్నవీ కలిస్తే మనం వేసే కొలతలన్నీ చెడిపోతాయి.

బంధాలకు టూత్‌పిక్కులు. కొబ్బరి చీపురు ఈనెలు కూడా పనికొస్తాయి, కానీ మొదలు లావుగా, కొస సన్నగా ఉంటాయి కాబట్టి నడిమి భాగమే వాడాలి. ఇవి కాక తెల్ల జిగురు, లావు సూది, ఒక అడుగు పొడవున్న చెక్క ముక్క, అంగుళం మేకులు పాతిక, మేస్త్రీలు ఇనుప కడ్డీలు కట్టే బైండింగ్ తీగ అర కిలో. తీగ ఏ హార్డ్‌వేర్ దుకాణంలోనైనా ఉంటుంది, ఎక్కువ కావాలంటే రాణిగంజ్. ఇంకా ఒక పాత లోహపు గాజు, గుప్పెడు సగ్గుబియ్యం, ఒక చెప్పుల పెట్టె. గాజు కోసం లాడ్ బజార్ దాకా పోనక్కరలేదు, అమ్మ పెట్టెలో జత తప్పినది ఒకటి ఉండనే ఉంటుంది.

చిన్నపిల్లలతో చేసేవాళ్లు బంతులకు బదులు రాత్రంతా నానబెట్టిన శనగలు వాడవచ్చు. పుల్లలు ఇట్టే దిగుతాయి, ఎండాక శనగ బిగుసుకుని పుల్లను పట్టేస్తుంది. కోణాలు మాత్రం నిలవవు, వానాకాలమైతే బూజు పడుతుంది. మన ప్రశ్న కోణాలదే కాబట్టి ఇక్కడ శనగలను పక్కన పెడుతున్నాను.

రంగుల దగ్గర ఒక హెచ్చరిక. మొదటిసారి చేసినప్పుడు త్వరగా అయిపోతుందని నేను డబ్బాలో వచ్చే స్ప్రే రంగు కొట్టాను. పావుగంటలో బంతులన్నీ ఎండు ఉసిరికాయల్లా ముడుచుకుపోయాయి. థర్మోకోల్ అంటే పాలీస్టైరీన్. స్ప్రే రంగుల్లోని ద్రావకాలు దాన్ని కరిగించేస్తాయి. ఘాటు వాసన కొట్టే రబ్బరు జిగురూ అంతే. నీళ్లలో కలిసే పోస్టరు రంగులు, ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు మాత్రమే వాడండి. బంతిని పుల్లకు గుచ్చి, ఆ పుల్లను పాత థర్మోకోల్ మూతలో నిలబెడితే చేతికి అంటకుండా ఆరిపోతుంది.

కార్బన్‌కు నలుపు, ఆక్సిజన్‌కు ఎరుపు, నైట్రోజన్‌కు నీలం, ఫాస్ఫరస్‌కు నారింజ. హైడ్రోజన్ తెలుపు, అంటే రంగే వేయనక్కరలేదు. పామిటిక్ ఆమ్లంలోని 50 పరమాణువుల్లో 32 హైడ్రోజన్లే కాబట్టి సగానికి పైగా పని తప్పినట్టే. ఈ రంగుల వాడుక పాతది. 1865లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆగస్ట్ విల్‌హెల్మ్ హాఫ్‌మన్ క్రోకే ఆట బంతులకు రంగులు వేసి, కడ్డీలతో కలిపి అణువులను చూపించాడు. అందులో కార్బన్ నలుపే, హైడ్రోజన్ తెలుపే. అయితే ఆయన నమూనాలు బల్లపరుపుగా ఉండేవి. కార్బన్ బంధాలు నాలుగు మూలలకూ చూస్తాయని వాంట్ హాఫ్ చెప్పింది 1874లో. ఆయన కూడా అట్టముక్కలతో చతుర్ముఖులు చేసి తోటి శాస్త్రవేత్తలకు పంపాడు. మనం చేయబోయేది వాంట్ హాఫ్ చెప్పిన కార్బన్‌ను, హాఫ్‌మన్ వేసిన రంగుల్లో.

కొలత

ఒక ఆంగ్‌స్ట్రామ్‌కు (సెంటీమీటరులో పది కోట్లవ వంతు) రెండున్నర సెంటీమీటర్లు, అంటే సుమారు అంగుళం. 1953లో కోరీ, పౌలింగ్ గట్టి చెక్కతో చేయించిన నమూనాల కొలతా అంగుళానికి ఒక ఆంగ్‌స్ట్రామే. దీనివల్ల అణువు 25 కోట్ల రెట్లు పెద్దదవుతుంది. ఇది ఎంతో పిల్లలకు ఇలా చెబుతాను: ఐదడుగుల పిల్లవాణ్ణి ఇన్ని రెట్లు పెంచితే కాళ్లు భూమి మీద, తల చంద్రుడి దగ్గర ఉంటాయి. ఒక ఎర్ర రక్తకణం దాదాపు రెండు కిలోమీటర్ల వెడల్పవుతుంది. మా వైపు చెప్పాలంటే తార్నాక చౌరస్తాలో మొదలై సీసీఎంబీ పరిశోధన సంస్థ ఉన్న హబ్సిగూడ వైపు సాగిపోతుంది. దాని పొర మందం మాత్రం ఒక మీటరు. ఈ కొలతలన్నీ మన చేతిలోని రెండు సెంటీమీటర్ల బంతి లెక్కలోనే.

ఈ కొలతలో పుల్లల పొడవులు ఇవి. బంతుల్లోకి దిగే భాగం కూడా కలిపే చెబుతున్నాను: పెద్ద బంతిలో 6 మిల్లీమీటర్లు, చిన్న బంతిలో 4.

- కార్బన్–కార్బన్ ఏకబంధం (1.54 ఆంగ్‌స్ట్రామ్‌లు): 3 సెంటీమీటర్లు
- కార్బన్–కార్బన్ ద్విబంధం (1.34): 2.5 సెంటీమీటర్ల పుల్లలు రెండు
- కార్బన్–హైడ్రోజన్ (1.09): 2.1 సెంటీమీటర్లు
- ఆమ్ల కొసన కార్బన్–ఆక్సిజన్ ఏకబంధం: 2.6, ద్విబంధం: 2.2 సెంటీమీటర్లవి రెండు
- ఆక్సిజన్–హైడ్రోజన్: 1.8 సెంటీమీటర్లు

ఆరున్నర సెంటీమీటర్ల టూత్‌పిక్‌లో హైడ్రోజన్ పుల్లలు మూడు, కార్బన్ పుల్లలు రెండు వస్తాయి. కోసిన మొద్దు చివరను గరుకు కాగితం మీద రెండుసార్లు రుద్దండి. లేకపోతే బంతి పొడుం పొడుంగా రాలుతుంది.

బంతికి నాలుగు గుర్తులు

మొత్తం పనిలో ఓపిక కావలసింది ఇక్కడే. కోణం తప్పితే గొలుసు ఎటో వంకర తిరుగుతుంది, అప్పుడు ద్విబంధం తెచ్చే వంపు ఏదో, మన చేతి వంకర ఏదో తెలియదు.

కార్బన్‌కు నాలుగు ఏకబంధాలున్నప్పుడు ఏ రెండు బంధాల మధ్యనైనా కోణం 109.5 డిగ్రీలు. గుండ్రటి బంతి మీద కోణమానిని ఆనదు కాబట్టి దీన్ని కాగితంతో కొలుద్దాం. ఐదు మిల్లీమీటర్ల వెడల్పు కాగితపు పట్టీని బంతి నడుముకు చుట్టి, కలిసిన చోట కత్తిరించండి. 20 మిల్లీమీటర్ల బంతికి అది సుమారు 63 మిల్లీమీటర్లు వస్తుంది. మొత్తం చుట్టు 360 డిగ్రీలైతే 109.5 డిగ్రీలంటే పట్టీలో 0.304వ వంతు, అంటే 19 మిల్లీమీటర్లు. మీ బంతి సైజు వేరైతే పట్టీ పొడవును 0.304తో గుణించండి.

1. బంతి మీద ఎక్కడైనా ఒక గుండుసూది గుచ్చండి. అది మొదటి గుర్తు.
2. అక్కడి నుంచి పట్టీని బంతికి ఆనించి 19 మిల్లీమీటర్ల దగ్గర చుక్క పెట్టండి. అది రెండోది.
3. ఇప్పుడు రెండు పట్టీలు తీసుకోండి. ఒకటి మొదటి గుర్తు నుంచి, ఇంకొకటి రెండో గుర్తు నుంచి. రెండింటి 19 మిల్లీమీటర్ల గీతలూ కలిసిన చోట మూడో చుక్క.
4. అవే పట్టీలను అవతలి వైపుకు తిప్పితే నాలుగోది. మూడో చుక్కకూ నాలుగో చుక్కకూ మధ్య కూడా 19 వస్తే మీ బంతి సరిగ్గా వచ్చినట్టే. ఒక మిల్లీమీటరు తేడా వస్తే వదిలేయండి, మూడు వస్తే ఆ బంతిని పక్కన పడేయండి.
5. సూదికి మొన నుంచి 6 మిల్లీమీటర్ల దగ్గర టేపు ముక్క చుట్టి, ప్రతి చుక్క దగ్గరా బంతి కేంద్రం వైపు గుచ్చండి.

మొదటి బంతికి ఐదు నిమిషాలు పడుతుంది. పదో బంతికి వచ్చేసరికి చేయి అలవాటు పడి నిమిషంలో అయిపోతుంది.

ద్విబంధంలో ఉన్న కార్బన్లు వేరు. వాటి బంధాలు మూడు దిక్కులకు, ఒకే తలంలో, 120 డిగ్రీల దూరంలో ఉంటాయి. నడుము చుట్టూ గీత గీసి, దాని మీద 21 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున మూడు చుక్కలు పెట్టండి. ద్విబంధం రావలసిన చుక్క దగ్గర మాత్రం గీతకు పైన 3, కింద 3 మిల్లీమీటర్ల దూరంలో రెండు రంధ్రాలు చేయండి. ఇక్కడ రెండు పుల్లలు పెట్టడం అలంకారానికి కాదు. ఒక పుల్ల మీద బంతి గిర్రున తిరుగుతుంది, రెండు పుల్లలుంటే తిరగదు. అసలు ద్విబంధం చేసే పనీ అదే.

పామిటిక్ ఆమ్లం: నిటారు గొలుసు

నెయ్యిలోనూ పామాయిల్‌లోనూ దండిగా ఉండేది ఇదే. 16 కార్బన్లు, 32 హైడ్రోజన్లు, 2 ఆక్సిజన్లు. కార్బన్లలో 15 నాలుగు రంధ్రాలవి, ఆమ్ల కొసన ఉండేది ఒక్కటి మూడు దిక్కులది.

ముందు కార్బన్లను మాత్రమే కలుపుతూ బల్ల మీద పరవండి. ఒకటి పైకి, ఒకటి కిందికి, రంపపు పళ్లలా రావాలి. అన్నీ బల్లకు ఆనాయంటే గొలుసు ఒకే తలంలో ఉన్నట్టు. అప్పుడు ప్రతి కార్బన్‌కూ మిగిలిన రెండు రంధ్రాలు ఒకటి మీ వైపు, ఒకటి అవతలి వైపు చూస్తాయి. వాటిలో హైడ్రోజన్లు. ఒక చివర కార్బన్‌కు మూడు హైడ్రోజన్లు వస్తాయి. రెండో చివర కార్బన్‌కు రెండు పుల్లలతో ఒక ఆక్సిజన్, ఒక పుల్లతో ఇంకో ఆక్సిజన్, దానికి ఒక హైడ్రోజన్.

ఇక తనిఖీ. వలయాలు లేని అణువులో జోడింపులు ఎప్పుడూ పరమాణువుల కన్నా ఒకటి తక్కువ. 50 బంతులకు 49 జోడింపులు రావాలి, ద్విబంధాన్ని ఒక జోడింపుగానే లెక్కపెట్టాలి. మొదటి కార్బన్ నుంచి పదహారో కార్బన్ దాకా స్కేలు పెడితే 46, 48 సెంటీమీటర్ల మధ్య రావాలి. తక్కువొస్తే ఎక్కడో గొలుసు మెలిపడింది.

జిగురు హైడ్రోజన్ల దగ్గర మాత్రమే పెట్టండి. కార్బన్ల మధ్య పెట్టకండి. గొలుసును ఒక కొసన పట్టుకుని ఎత్తితే అది వాలిపోయి, మెలికలు తిరుగుతుంది. తిరగనివ్వండి. వేడెక్కిన నెయ్యిలో గొలుసులు చేసేది ఇదే: ఏకబంధాల చుట్టూ మెలితిరగడం. ఆ బంధాలను జిగురుతో బిగించేస్తే సగం పాఠం పోతుంది.

ఈ నమూనా చెప్పే అబద్ధం ఒకటుంది, అదీ చెప్పేస్తాను. పుల్లల మధ్య ఇంత ఖాళీ నిజంలో ఉండదు. ఇదే కొలతలో కార్బన్ అసలు వ్యాపించే మేర చూపాలంటే బంతి ఎనిమిదిన్నర సెంటీమీటర్లు ఉండాలి, బంతులు ఒకదాన్నొకటి కొరుక్కుని కూర్చోవాలి. గొలుసు పుల్లల నిచ్చెనలా కాక, బొద్దు గొంగళిపురుగులా ఉంటుందని ఊహించుకోండి.

ఓలియిక్ ఆమ్లం: వంపు

18 కార్బన్లు, 34 హైడ్రోజన్లు, 2 ఆక్సిజన్లు. ఆమ్ల కొస నుంచి లెక్కపెడితే 9, 10 కార్బన్ల మధ్య ద్విబంధం, అంటే సరిగ్గా నడుము దగ్గర. మూడు దిక్కుల బంతులు మూడు కావాలి: 1, 9, 10. జోడింపులు 53.

ద్విబంధం రెండు పుల్లలూ దిగాక చూడండి. ఆ రెండు కార్బన్లకు ఉన్న ఒక్కో హైడ్రోజన్ ఒకే పక్కన ఉంటే అది సిస్. గొలుసు రెండు భాగాలూ ఇంకో పక్కకు పోయి మోకాలులా వంగుతుంది. గొలుసును ఎంత మెలితిప్పినా ఆ ద్విబంధం తిరగదు.

వంపును కొలవండి. పుస్తకాల్లో సాధారణంగా 30 డిగ్రీలని రాస్తారు, మీకు బల్ల మీద 50 దాకా రావచ్చు. కంగారుపడకండి. మిగతా బంధాలన్నీ ఒకే తలంలో పరిచినప్పుడు అంతే వస్తుంది. ద్విబంధానికి రెండు పక్కల ఉన్న ఏకబంధాలను ఎదురెదురు దిశల్లో తిప్పి చూడండి, వంపు తగ్గుతుంది. అసలు అణువూ అలాగే సర్దుకుంటుంది. ఈ తిప్పడం పిల్లల చేతే చేయించాలి. బొమ్మలో గీసిన వంపుకూ, అణువు తనంతట తాను ఎంచుకునే వంపుకూ తేడా అప్పుడే అర్థమవుతుంది.

ఇప్పుడు ద్విబంధపు పుల్లలు ఊడదీసి, ఒక భాగాన్ని అరచుట్టు తిప్పి మళ్లీ గుచ్చండి. హైడ్రోజన్లు ఎదురెదురు పక్కలకు వచ్చాయి. ఇది ట్రాన్స్. గొలుసు మళ్లీ దాదాపు నిటారు. పరమాణువుల సంఖ్య ఒక్కటి కూడా మారలేదు, కానీ పేరు మారి ఎలాయిడిక్ ఆమ్లమైంది. పామిటిక్ గొలుసుకు ఇంకో రెండు కార్బన్లు, నాలుగు హైడ్రోజన్లు కలిపితే వచ్చే స్టియరిక్ ఆమ్లాన్ని కూడా పక్కన పెట్టండి. మూడూ 18 కార్బన్లవే. స్టియరిక్ కరిగేది సుమారు 69 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఎలాయిడిక్ 45 దగ్గర, ఓలియిక్ 13 దగ్గర. హైదరాబాద్‌లో జనవరి చలికి కూడా ఓలియిక్ ఆమ్లం గడ్డకట్టడం అరుదేనని దీన్నిబట్టే చెప్పవచ్చు. నూనెను కొంతవరకే హైడ్రోజనీకరించి వనస్పతి చేసినప్పుడు ఈ ట్రాన్స్ గొలుసులు పుడతాయి. ఆహారంలోని నూనెలు, కొవ్వుల్లో వీటి వాటా 2 శాతం దాటకూడదని మన దేశంలో 2022 జనవరి నుంచి నిబంధన ఉంది.

“కొబ్బరినూనెలో ఎక్కువ సంతృప్త ఆమ్లాలే (ద్విబంధాలు లేనివే) కదా, మరి ఎండాకాలం నీళ్లలా ఎందుకుంటుంది?” అని తప్పకుండా ఎవరో ఒకరు అడుగుతారు. మంచి ప్రశ్న. పామిటిక్ గొలుసు నుంచి నాలుగు కార్బన్లు తీసేసి చూపండి. 12 కార్బన్ల లారిక్ ఆమ్లం వస్తుంది. కొబ్బరినూనెలో దాదాపు సగం ఇదే. గొలుసు నిటారుదే, కానీ పొట్టిది. పక్కదానికి ఆనే మేర తక్కువ కాబట్టి విడిపోవడం తేలిక. అందుకే కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే కరుగుతుంది.

గాజులో కట్ట

ఒక్క గొలుసుతో నెయ్యి కథ తేలదు, కట్ట కావాలి. పాతిక గొలుసులు బంతులతో చేస్తూ కూర్చోలేం కాబట్టి ఇక్కడ తీగకు మారదాం. కొలత: ఆంగ్‌స్ట్రామ్‌కు ఒక సెంటీమీటరు.

చెక్క ముక్క మీద 9 మిల్లీమీటర్ల దూరంలో రెండు సమాంతర గీతలు గీయండి. ఒక్కో గీత మీద అంగుళానికి ఒక మేకు, రెండో గీత మీది మేకులు అరంగుళం పక్కకు జరిగి ఉండాలి. గొలుసులో ఒక కార్బన్ నుంచి దాన్ని దాటిన కార్బన్‌కు దూరం 2.54 ఆంగ్‌స్ట్రామ్‌లు. మన కొలతలో అది సరిగ్గా అంగుళం కావడం కేవలం అదృష్టం. ఎనిమిదేసి మేకుల చొప్పున 16 కొట్టి, బైండింగ్ తీగను ఇటొకటి అటొకటిగా చుట్టి తీస్తే 19 సెంటీమీటర్ల పామిటిక్ గొలుసు సిద్ధం. చేతికి తొడుగులు వేసుకోండి, తీగ కొసలు గీరుతాయి.

పది తీగలతో నెయ్యి కట్ట: ఏడు నిటారువి, వాటిలో ఒకదాన్ని నాలుగు కార్బన్ల దగ్గరే కత్తిరించండి (నెయ్యిలో బ్యూటిరిక్ లాంటి పొట్టి ఆమ్లాలూ ఉంటాయి). మిగతా మూడు నడుము దగ్గర పట్టకారుతో 40 డిగ్రీలు వంచినవి. ఇంకో పది తీగలతో వేరుశెనగ నూనె కట్ట: నిటారువి రెండే, ఒక వంపు ఉన్నవి ఐదు, లినోలియిక్ ఆమ్లంలా 9వ, 12వ కార్బన్ల దగ్గర రెండు వంపులున్నవి మూడు. ఇవి ఉజ్జాయింపు లెక్కలు. మీ ఇంటి నూనెకు కచ్చితమైన లెక్క కావాలంటే తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన భారతీయ ఆహార పట్టికలు చూడండి.

రెండు కట్టలనూ వంతులవారీగా గాజులో దూర్చండి. నెయ్యి కట్టలో రంపపు పళ్లు ఒకదానిలో ఒకటి కూర్చుని, గాజులో ఇంకా చోటు మిగులుతుంది. వేరుశెనగ కట్ట గాజు దాకా రాగానే విచ్చుకుని, మోకాళ్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. గట్టిగా పిడికిట పట్టి వదిలితే మళ్లీ విడిపోతాయి. దగ్గరగా ఆనుకున్న గొలుసుల మధ్య ఆకర్షణ ఎక్కువ, దాన్ని విడదీయడానికి వేడి ఎక్కువ కావాలి. గొలుసులు ఆనుకోలేని చోట మామూలు గది వేడే చాలు. నెయ్యి డబ్బాలో చెంచా ఎందుకు దిగదో పిల్లలు ఇక్కడ నేను చెప్పకముందే చెప్పేస్తారు.

ట్రైగ్లిజరైడ్: మూడు నీళ్ల చుక్కలు

దీనికి నలుగురు కావాలి. ముగ్గురు తలా ఒక పామిటిక్ ఆమ్లం తెస్తారు. నాలుగోవారు గ్లిసరాల్ చేస్తారు: 3 కార్బన్లు, 8 హైడ్రోజన్లు, 3 ఆక్సిజన్లు. ఒక్కో ఆమ్లం నుంచి ఆక్సిజన్–హైడ్రోజన్ జతను, గ్లిసరాల్ ఆక్సిజన్ల నుంచి ఒక్కో హైడ్రోజన్‌ను పీకండి. పీకిన వాటిని కలిపితే మూడు నీటి అణువులు. వాటిని బల్ల మీద వేరుగా పెట్టి, ఆమ్లాన్ని గ్లిసరాల్ ఆక్సిజన్‌కు గుచ్చండి. అదే ఎస్టర్ బంధం. లెక్క సరిచూడండి: మూడు యాభైలు 150, గ్లిసరాల్ 14, నీటికి పోయినవి 9. మిగిలేది 155. ఒక్క బంతి తేడా వచ్చినా ఎక్కడో హైడ్రోజన్ కింద పడిందన్నమాట, బల్ల కింద వెతకండి.

అట్టల మీద దీన్ని మూడు గీతలు ఒకే వైపుకు పోయే దువ్వెనలా గీస్తారు. గట్టిపడిన కొవ్వులో మాత్రం రెండు గొలుసులు ఒక వైపుకు, ఒకటి ఎదురు వైపుకు పోయే అమరిక మామూలు. రెండు రకాలుగానూ తిప్పి చూడండి, బంధాలేమీ విరగవు.

కణత్వచం పెట్టెలో

కణత్వచంలో ఉండేవి ముఖ్యంగా ఫాస్ఫోలిపిడ్లు. ఫాస్ఫోలిపిడ్‌లో గ్లిసరాల్‌కు గొలుసులు రెండే. మూడో చోట ఫాస్ఫేటు, దానికి కోలిన్ లాంటి గుంపు. ఈ భాగమే తల, అది నీటిని ఇష్టపడుతుంది. గొలుసులే తోకలు, అవి నీటికి దూరం జరుగుతాయి. మొదట్లో అడిగిన ‘రెండే ఎందుకు’కు జవాబు ఇదే. ఒక్క అణువులోనే 130కి పైగా పరమాణువులుంటాయి కాబట్టి ఇక బంతికొక పరమాణువు కుదరదు, బంతికొక తల అనుకుందాం. కొలత: ఆంగ్‌స్ట్రామ్‌కు రెండున్నర మిల్లీమీటర్లు. పొరలో ఒక్కో అణువు ఆక్రమించే చోటు సుమారు 8 ఆంగ్‌స్ట్రామ్‌ల చదరం, అంటే రెండు సెంటీమీటర్లు. మన 20 మిల్లీమీటర్ల బంతే అతికినట్టు సరిపోతుంది. తలకు నారింజ రంగు వేసి, కోలిన్‌లోని నైట్రోజన్‌కు గుర్తుగా ఒక పక్కన నీలం చుక్క పెట్టండి. నడినెత్తిన పెట్టకండి, ఆ భాగం పొర మీద పక్కకు వాలి ఉంటుంది.

తోకలకు పాత కరెంటు వైరులోని రాగి తీగ. ఒక్కోటి 4.8 సెంటీమీటర్లకు కత్తిరించండి, పామిటిక్ గొలుసు పూర్తిగా చాచిన పొడవు అది. కానీ జీవకణపు పొరలో ఒక్కో వైపు తోకలకు దొరికే మందం 14, 15 ఆంగ్‌స్ట్రామ్‌లే, మన కొలతలో 3.6 సెంటీమీటర్లు. అంటే తీగ నిటారుగా పట్టనే పట్టదు. నలిపి, మెలిపెట్టి ఆ ఎత్తుకు తేవాలి. రెండు తోకల్లో ఒకదానికి నడుమ వంపు కూడా పెట్టండి. ప్రదర్శనల్లో కనిపించే నిటారు పుల్లల మీద నా కోపమంతా ఇందుకే. అలాంటి పొర గట్టిపడిన పొర, బతికున్న కణానిది కాదు.

చెప్పుల పెట్టెను నిలువుగా పెట్టి ముందు భాగం తెరవండి: వెడల్పు 30, ఎత్తు 20 సెంటీమీటర్లు. గట్టి తీగకు 15 తలలు గుచ్చితే ఒక వరుస. అలాంటివి పైన మూడు, కింద మూడు, పెట్టె అటూ ఇటూ గోడలకు రంధ్రాలు చేసి బిగించండి. పై వరుసల తోకలు కిందికి, కింది వాటివి పైకి. కొసలు మధ్యలో కలిసి కాస్త చిక్కుపడాలి, అక్కడ ఖాళీ ఉండకూడదు. మొత్తం మందం 11 సెంటీమీటర్లు వస్తుంది. పైనా కిందా మిగిలిన చోట నీటికి నీలం కాగితం. రెండు పొరలే ఎందుకని అడిగితే 1925 నాటి ప్రయోగం చెప్పండి: గోర్టర్, గ్రెండెల్ ఎర్ర రక్తకణాల లిపిడ్లను తీసి నీటి మీద పరిస్తే, అవి కణాల ఉపరితలానికి సుమారు రెట్టింపు మేర పరుచుకున్నాయి.

చివరగా కొలెస్టరాల్. నాలుగు వలయాలు అతుక్కున్న గట్టి పలక కాబట్టి ఐస్‌క్రీమ్ పుల్ల ముక్క దీనికి సరిపోతుంది: 2.5 సెంటీమీటర్లు, ఒక చివర చిన్న ఎర్ర పూస, రెండో చివర రెండు సెంటీమీటర్లకు మించని మెత్తటి దారం తోక. పలకకు ఒక ముఖం నునుపు. రెండో ముఖం మీద రెండు మిథైల్ గుంపులు (ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు) పొడుచుకుని ఉంటాయి, వాటికి రెండు సగ్గుబియ్యపు గింజలు అంటించండి. ఎర్ర పూస తలల వరుస దగ్గర, పలక తోకల మధ్య ఉండేలా నాలుగైదు దూర్చండి. పలక పక్కన ఉన్న తీగలు అటూ ఇటూ కదలలేక దానికి ఆనుకుని కాస్త నిటారు కావడం, పొర ఆ చోట మందమెక్కడం కనిపిస్తుంది.

పెట్టెను అటక మీద దాచేటప్పుడు చీమలు, బొద్దింకలు రాకుండా కలరా ఉండలు వేస్తారేమో, వేయకండి. ఆ నాఫ్తలీన్ ఆవిరికి థర్మోకోల్ మెత్తబడి బంతులు అతుక్కుపోతాయి. నాలుగు ఎండు వేపాకులు చాలు.